ఎవరి హెల్మెట్ వాళ్లదే

ఈస్ట్-వెస్ట్ ష్రైన్ బౌల్ చూసేవాళ్ల కంటికి మొదట ఆనేవి హెల్మెట్లు. జట్టంతా ఒకే రంగు జెర్సీ తొడుక్కుంటుంది, తలమీద మాత్రం ఎవరి కాలేజీ హెల్మెట్ వాళ్లదే. నలుపు పక్కన ఎరుపు, దాని పక్కన బంగారు రంగు. నవంబర్‌లో ఒకరినొకరు నేలకేసి కుమ్ముకున్నవాళ్లు కూడా జనవరి చివర్లో భుజం భుజం కలిపి ఒకే వరసలో వంగి నిలబడతారు. కాలేజీ ఆట ముగించుకుని, ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ కోసం, అంటే వృత్తి జట్లు కొత్తవాళ్లను వరసగా ఎంచుకునే ఘట్టం కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లు వీళ్లు. కలిసి సాధన చేయడానికి దొరికేది కొన్ని రోజులే. ఒక ఆట ఆడతారు, ఆ జట్టు ఇక మళ్లీ ఉండదు.

గెలిచినా కప్పుతో ఊరేగింపులుండవు. ఎవరు గెలిచారని వారం తర్వాత అడిగితే చెప్పగలిగేవాళ్లు అరుదు. అయినా అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట ఇదే.

ఇది 1925 డిసెంబర్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. ఎర్ర టోపీలు పెట్టుకునే ష్రైనర్స్ అనే సోదర సంఘం, పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లల కోసం 1922లో లూసియానాలోని ష్రెవ్‌పోర్ట్‌లో తొలి ఆసుపత్రి తెరిచింది. తర్వాత ఒక్కో ఊళ్లో ఒక్కోటి కట్టుకుంటూ పోయింది. తల్లిదండ్రులు డబ్బు కట్టలేకపోయినా వైద్యం చేయాలన్నది వాళ్ల నియమం. అందుకు నిధులు కావాలి. దేశంలోని మేటి కాలేజీ ఆటగాళ్లను తూర్పు, పడమర జట్లుగా పిలిచి ఆడిస్తే జనం టికెట్ కొంటారన్న ఆలోచన అలా పుట్టింది. బలమైన కాళ్లు పరుగెత్తితే బలంలేని కాళ్లు నడుస్తాయన్నది దీనికి పెట్టుకున్న నినాదం. ఆటకు ముందు ఆటగాళ్లు పిల్లల్ని కలవడం ఆనవాయితీ. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత పసిఫిక్ తీరంలో జనం గుమిగూడకూడదన్నప్పుడు, 1942 జనవరిలో ఆటను న్యూ ఆర్లీన్స్‌కు తరలించారు గాని ఆపలేదు. 1935 నూతన సంవత్సరం రోజున ఆడినవాళ్లలో మిషిగన్ విశ్వవిద్యాలయం సెంటర్ ఒకాయన ఉన్నాడు. పేరు జెరాల్డ్ ఫోర్డ్. తర్వాతి కాలంలో దేశాధ్యక్షుడయ్యాడు.

ఇప్పుడీ ఆట జరిగే వారానికి ఇంకో పని కూడా తగులుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు ఆటగాళ్లను అంచనా వేసిపెట్టే స్కౌట్లు కాగితాలు పట్టుకుని దిగుతారు. ఎత్తు, బరువు, చేతుల పొడవు, చివరికి అరచెయ్యి వెడల్పు కూడా కొలుస్తారు. అలబామాలోని మొబైల్ పట్టణంలో జరిగే ఇలాంటి మరో ఆట సీనియర్ బౌల్‌లోనూ ఇదే తంతు. స్కౌట్లకు ఆటకంటే సాధనే ముఖ్యం. అందుకే చాలామంది ఆట మొదలయ్యేలోపే ఊరు దాటేస్తారు. ఉద్యోగం కోసం వచ్చిన కుర్రాళ్లను పరీక్షించడాన్ని నేను తప్పుపట్టను. కన్నతల్లికి ఇల్లు కట్టించాలన్న కలతో వచ్చేవాళ్లు ఉంటారు వాళ్లలో. కానీ ఏం కొలుస్తున్నారన్న దగ్గరే నాకు పేచీ.

సాధనలో అందరూ ఎగబడి చూసేది ఒకరితో ఒకరు తలపడే ఘట్టం. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌మన్ ఒక్కడు, అతణ్ని దాటి దూసుకెళ్లాల్సిన డిఫెండర్ ఒక్కడు. దూకేవాడికి రెండువైపులా ఖాళీ మైదానమే. ఎటు కావాలంటే అటు పోతాడు. కాపాడేవాడికి పక్కన తోడు లేదు, ఎటునుంచి వస్తాడో తెలియదు. మూడొందల పౌండ్ల మనిషి వెల్లకిలా పడితే ఆ వీడియో సాయంత్రానికల్లా ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. వాడి పని అయిపోయిందని రాసేస్తారు.

నిజమైన ఆటలో లైన్‌మన్ ఎప్పుడూ ఒంటరివాడు కాడు. అక్కడ ఐదుగురుంటారు. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. నీ ఎడమ పక్కవాడు ఎంత వెనక్కి అడుగేస్తాడో తెలిస్తే తప్ప నీ అడుగు ఎక్కడ పడాలో నీకు తెలియదు. మన కబడ్డీలో రైడర్ మీదికి గొలుసు కట్టి వెళ్లేటప్పుడు చేతులు పట్టుకున్న ఇద్దరూ ఒకే క్షణంలో కదలాలి కదా, ఒకడు తొందరపడితే గొలుసు తెగుతుంది. ఇక్కడ ఐదుగురు, అదీ చేతులు పట్టుకోకుండా. పైగా మొన్న సోమవారం పరిచయమైనవాళ్లు. ఒక్కొక్కడు నాలుగేళ్లు ఒక్కో కాలేజీ సంకేతాల్లో ఆలోచించడం నేర్చుకుని వచ్చాడు. ఈ చిక్కు తెలిసే ఇలాంటి ఆటల్లో బ్లిట్జ్ చేయనివ్వరు. వెనకనుంచి అదనపు మనుషుల్ని కట్టగట్టి క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపితే, నాలుగు రోజుల పరిచయంతో దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఈ కాస్త సమయంలో వాళ్లు ఒక వరసగా కుదురుకోవడం ఒక విద్య అని నా నమ్మకం. ఒంటరి పోరులో అది కనబడదు. కొలబద్దకూ అందదు.

ఇలాంటి ఆట ఎలా పోతుందో షికాగో చూసింది. 1934లో షికాగో ట్రిబ్యూన్ క్రీడా సంపాదకుడు ఆర్చ్ వార్డ్ మొదలుపెట్టిన పోటీలో, కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన తారలు ఏకంగా ఎన్‌ఎఫ్‌ఎల్ విజేతలనే ఢీకొనేవారు. 1963లో విన్స్ లొంబార్డీ శిక్షణలోని గ్రీన్ బే ప్యాకర్స్‌ను 20-17తో ఓడించారు కూడా. కానీ రానురాను జట్ల యాజమాన్యాలకు భయం పట్టుకుంది. లక్షలు పోసి తెచ్చుకున్న కుర్రాడి మోకాలు ఆ ఆటలో పోతే? 1976 జులైలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 24-0తో ముందున్నప్పుడు కుండపోత వాన ఆటను ఆపేసింది. ఆ వానే చివరి గంట. ఆ పోటీని మళ్లీ ఎవరూ తలకెత్తుకోలేదు. ఇప్పుడు ష్రైన్ వారంలోనూ సాధన చేసి ఆట మానేసే కుర్రాళ్లున్నారు. వాళ్ల లెక్క నాకు అర్థమవుతుంది, మనసు మాత్రం ఒప్పుకోదు.

2024లో ఈ ఆట మా ఫ్రిస్కోకి వచ్చింది. డాలస్ శివారులోని మా ఊళ్లో తెలుగు మాట వినపడని వీధి ఉండదు. డాలస్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు కౌబాయ్స్ ముఖ్య కేంద్రంలోని ఫోర్డ్ సెంటర్ వేదిక. మా పిల్లల హైస్కూలు జట్లు కూడా ఆడే ఇండోర్ మైదానం అది. ఊళ్లోని హనుమాన్ గుడికి వెళ్లొచ్చినంత సులువుగా వెళ్లి చూడొచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంతకు రెండేళ్ల ముందు ష్రైన్ బౌల్‌లో ఆడి, డ్రాఫ్ట్‌లో 262వ పేరుగా, అంటే అందరికంటే చివర పిలుపు అందుకున్న బ్రాక్ పర్డీ, శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్‌గా, ఎన్‌ఎఫ్‌ఎల్ అంతిమ పోటీ అయిన సూపర్ బౌల్‌కు సిద్ధమవుతున్నాడు. 2000లో ఇదే ఆట ఆడి 199వ పేరుగా వెళ్లి, మేటి క్వార్టర్‌బ్యాక్ అనిపించుకున్న టామ్ బ్రాడీ సంగతి లోకానికంతా తెలుసు. కొలతలకు అందనిది మనిషిలో ఎంతుంటుందో ఈ ఇద్దర్ని చూస్తే తెలుస్తుంది.

మీ ఊరికి దగ్గర్లో ఈ ఆట జరిగితే తప్పక వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. మైదానం మధ్య గీత దగ్గర ఖరీదైన సీటు కొనకండి. గోల్‌పోస్టుల వెనక కూర్చోండి. ఐదుగురి వరసా అక్కడినుంచే తెరుచుకుని కనబడుతుంది. బంతిని వదిలేసి గార్డునూ టాకిల్‌నూ చూడండి. ఎదుటి ఇద్దరు డిఫెండర్లు కత్తెరలా దారులు మార్చుకుని దూకుతారు. మొదటి క్వార్టర్‌లో అయితే మనవాళ్లిద్దరూ ఒకడి వెంటే పడతారు, రెండోవాడు ఖాళీగా దూరిపోతాడు. పక్క బెంచీకి వచ్చి చేతులతో గాల్లో గీసుకుంటూ మాట్లాడుకుంటారు. నాలుగో క్వార్టర్‌లో అదే ఎత్తు మళ్లీ వస్తుంది. ఈసారి గార్డు తన మనిషిని భుజంతో టాకిల్‌కు అప్పగించి, లోపలికొస్తున్నవాడికి ఎదురు నిలబడతాడు. క్వార్టర్‌బ్యాక్‌కు బంతి విసరడానికి తీరిక దొరుకుతుంది.