సఫారీ గైడు పనితనం

స్వాహిలీలో 'సఫారీ' అంటే ప్రయాణం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చిన ఈ మాట ఉర్దూ వినే తెలుగువారికీ పరిచయమే. కెన్యా, టాంజానియాల్లో ఆ ప్రయాణాన్ని నడిపే గైడు చాలాసార్లు తానే డ్రైవరు కూడా.

సింహాన్ని అతను నేరుగా వెతకడు; మిగిలిన జంతువుల తీరు గమనిస్తాడు. జిరాఫీలన్నీ మేత మానేసి ఒకే దిక్కు చూస్తున్నాయంటే, ఇంపాలాలు ముక్కుతో బుసకొడుతున్నాయంటే, దగ్గర్లో ఏదో పొంచి ఉందని అనుమానిస్తాడు. రాబందులు కొమ్మల మీద వాలి కిందికి దిగకపోతే, కళేబరాన్ని సింహాలో హైనాలో ఇంకా వదల్లేదేమోనని ఊహిస్తాడు. నేలను, గాలిని, చూపులను కలిపి చదివే ఈ విద్య ఏళ్ల తరబడి తిరిగితేగాని పట్టుబడదు.

అసలు పరీక్ష మారా నది ఒడ్డున. జూలై నుంచి అక్టోబరు దాకా వైల్డ్‌బీస్ట్ మందలు అక్కడికి చేరి, మొసళ్లున్న నీటి అంచున గంటలకొద్దీ తటపటాయిస్తాయి. తొందరపడి ముందుకు దూకిన బండి మందను బెదరగొట్టి దారి మళ్లిస్తుంది. రేవుకు ఎడంగా జీపు నిలిపి, ఇంజను ఆపి, వెంట వచ్చినవాళ్లకు ఓపిక నేర్పేవాడే నిజమైన పనివాడు.

మసాయి తెగవారి ఆవాసానికి వెళ్లినప్పుడు అతనే దుబాసీ. అక్కడ పిల్లలు తల వంచితే పెద్దలు దానిపై చేయి ఆనించి పలకరిస్తారు. ఆ మర్యాదను, ఫోటోకు ముందు అనుమతి అడగాలన్న సంగతిని అతను దారిలోనే చెబుతాడు.

కెన్యాలో 1996లో ఏర్పడిన గైడ్ల సంఘం కాంస్య, రజత, స్వర్ణ స్థాయుల్లో పరీక్షలు పెడుతుంది. స్వర్ణం దాకా చేరేవారు కొద్దిమందే.