కెమెరాకూ వాడుకభాష కావాలి

హైస్కూలు పిల్లలకు చలనచిత్ర నిర్మాణం నేర్పాలా అన్న ప్రశ్న రాగానే మనలో రెండు జవాబులు వినిపిస్తాయి. సినిమా పిచ్చి ఇప్పటికే చాలినంత ఉన్నది, దానిని బడిలోకి కూడా తేవడమెందుకని కొందరు. నేర్పితే నాలుగు ఉద్యోగాలు దొరుకుతాయని మరికొందరు. రెండు జవాబులూ ఒకే పొరపాటు మీద నిలబడి ఉన్నాయి. ఇద్దరూ కెమెరాను వట్టి యంత్రంగానే చూస్తున్నారు. అది ఒక భాష అని గుర్తిస్తే ప్రశ్న మారిపోతుంది: పిల్లలకు ఎవరి భాష నేర్పాలి?

ఈ ప్రశ్న శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతానికి కొత్తది కాదు. 1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చి, జనం మాట్లాడే తెలుగు ఒకటీ, పిల్లలు చదివే తెలుగు మరొకటీ ఎందుకున్నాయని అడిగాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను ఉద్యమంగా మార్చారు. గిడుగు పర్లాకిమిడిలో బడిపంతులు. సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పాలని, తాను ఆ భాష నేర్చుకొని, వాచకాలు రాసి, బడులు పెట్టినవాడు. వాడుకభాషా ఉద్యమానికి విత్తనం సాహిత్య సభలో కాదు, బడిగదిలో పడిందన్న సంగతి మనం మరచిపోతుంటాము.

కెమెరాకు కూడా ఒక గ్రాంథికం ఉన్నది. తెరమీద నాయకుడు నడచి వచ్చేటప్పుడు కెమెరా నేలకు ఆనుకొని పైకి చూస్తుంది. కూలిజనాన్ని చూపేటప్పుడు మేడ ఎక్కి కిందికి చూస్తుంది. ఈనాడు పల్లెలోని పిల్లవాడు ఇంట్లో ఉన్న ఫోనుతో తమ్ముణ్ణి రీలు తీయబోతే, ఎవరూ చెప్పకుండానే ఫోనును నేలమీద పెడతాడు. వందల సినిమాలు వాడికి ఆ వ్యాకరణం వల్లె వేయించాయి. మాట విషయమూ అంతే. తెలుగు సినిమా ఈ ప్రాంతపు యాసను చాలాకాలం నవ్వు పుట్టించడానికే వాడుకున్నది. 2020లో వచ్చిన ‘పలాస 1978’ వంటి చిత్రాలు దానికి దుఃఖాన్నీ కోపాన్నీ కూడా ఇచ్చిన మాట నిజమే. అయినా కెమెరా ముందు నిలబడగానే పిల్లవాడు ఇంటిమాట దాచుకొని తెరమాట పలుకుతాడు. సిగ్గుపడడం కూడా నేర్చుకున్న పాఠమే.

ప్రభుత్వాల దృష్టిలో పిల్లవాడు ప్రేక్షకుడు మాత్రమే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ, వారి ఉపాధ్యాయులకూ 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. ఎక్కడో తయారై వచ్చిన పాఠాలు చూడడానికి అవి ఇచ్చారు. వాటికి కెమెరా కూడా ఉన్నదన్న సంగతి ఆ పథకంలో ఎవరికీ ముఖ్యమైనట్టు కనబడదు. ఒక తరం చేతికి కలం ఇచ్చి, చదువుకో గాని రాయకు అన్నట్టున్నది ఇది.

రాయగలరా అని సందేహించేవారు ఒకసారి జహీరాబాదు వైపు చూడాలి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత మహిళా రైతులు, అక్షరాలు రానివారు కూడా, 1990ల చివర్లో వీడియో తీయడం నేర్చుకున్నారు. 2001లో వారి కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. వరంగల్ రైతులు బీటీ పత్తితో ఎలా నష్టపోయారో పొలాలకు వెళ్లి చిత్రించారు. అంతకంటె గొప్ప సంగతి మరొకటి ఉన్నది. షాట్లకు వారు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఎదుటి మనిషి కంటి ఎత్తున, సమానంగా చూసేది సంఘం షాట్. సినిమా శాస్త్రం కోణమని ఊరుకున్నచోట వారు వర్గసంబంధాన్ని చూశారు. కెమెరా వాడుకభాష అంటే ఇదే.

పరికరాలు లేవన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. 1919లో మాస్కోలో ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల పెట్టిన రోజులలో ముడి ఫిల్ము దొరికేది కాదు. కులెషోవ్ తన విద్యార్థులచేత ఫిల్ము లేకుండానే, దృశ్యం తరువాత దృశ్యంగా నటింపజేసి, సినిమా నేర్పాడు. గోర్కీ ‘అమ్మ’ను 1926లో తెరకెక్కించిన పుదోవ్‌కిన్ ఆయన శిష్యుడే. మన బడికి ఒక్క ఫోను చాలును. అదీ లేకపోతే అట్టముక్కలో నలుచదరంగా కోసిన కిటికీ చాలును.

పాఠం ఎలా ఉండాలి? పొందూరులో వలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే స్త్రీని తీసుకుందాం. ఆమె నేలమీద కూర్చుని ఉంటుంది. పిల్లవాడు నిలబడి తీస్తే అది పటేల్ షాట్. కూర్చో అనడమే మొదటి పాఠం. ఆ చేతి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూశాకే కెమెరా నొక్కాలన్నది రెండవది. తీసినది ముందుగా ఆమెకే చూపి, ఆమె వద్దన్న ముక్క తీసివేయాలన్నది మూడవది. ఆడపిల్లల బొమ్మలు ఎన్ని విధాల దుర్వినియోగమవుతున్నాయో తెలిసిన ఈ కాలంలో ఈ మూడవ పాఠం మర్యాద కోసం మాత్రమే కాదు, రక్షణ కోసం కూడా.

చివరిమాట మనవాళ్లను గురించి. అభ్యుదయవాదులమైన ఉపాధ్యాయులం కెమెరా పిల్లల చేతికిస్తూనే తీర్పును కూడా చేతికిస్తుంటాము. ఉద్దానం వెళ్లి కిడ్నీ రోగుల కన్నీళ్లు తీసుకురమ్మంటాము. కారణం ఏమిటో ముందే చెప్పి పంపిస్తాము. ఆ జబ్బుకు కారణం ఫలానాదని శాస్త్రజ్ఞులే ఇంకా నిర్ధారించలేదు. అటువంటప్పుడు మన పిల్లలు చేయవలసిన పని అడగడం: నీళ్లు ఎక్కడివి, డయాలసిస్‌కు ఎంత దూరం వెళ్తారు, ఆ రోజు కూలి ఏమవుతుంది, మందుల ఖర్చుకు అప్పు ఎవరిస్తారు? వారు తెచ్చిన జవాబులు మన నినాదానికి సరిపోకపోవచ్చు. సరిపోని ముక్కను కత్తిరించమని చెప్పామా, మనం కూడా మేడ ఎక్కి పిల్లలను కిందికి చూస్తున్నట్టే. మన ఉద్దేశం మంచిదైనంత మాత్రాన అది సంఘం షాట్ కాజాలదు.

గిడుగు సవర పిల్లలకు చదువు చెప్పబోయే ముందు తాను సవర నేర్చుకున్నాడు. బడిలో కెమెరా పట్టించదలచిన ప్రతి ఉపాధ్యాయుడూ మొదలుపెట్టవలసింది అక్కడినుంచే.