రుచి చూడని తీర్పరులు

వంటపోటీల మీద విమర్శ రాయటమేమిటని మిత్రులు కొందరు ఆశ్చర్యపడవచ్చు. కేకులు కాల్చేవారిని గురించీ, వారిని చూచి ఆనందించేవారిని గురించీ ఆలోచించటానికి అభ్యుదయ విమర్శకుడికి తీరిక యెక్కడిదని అడగవచ్చు కూడా. నిన్న మొన్నటి దాకా నేనూ ఆ ప్రశ్న వేసేవారిలో ఒకణ్ణే. తరగతిలో ఈ ప్రస్తావన వస్తే, ఇవి కడుపు నిండినవారి కాలక్షేపాలని ఒక్క వాక్యంలో తేల్చి పాఠంలోకి పోయేవాణ్ణి. కాని ప్రజలు దేనిని చూస్తున్నారో, చూచి ఏమనుకుంటున్నారో పట్టించుకోని విమర్శ ప్రజల విమర్శ కాజాలదు. ఈ మాట నాకు నేర్పినది గ్రంథం కాదు. వాడరేవులో ఒక తల్లి.

వాడరేవు చీరాలకు చేరువలో వున్న సముద్రతీరపు పల్లె. అక్కడి నుంచి వచ్చి మా కళాశాలలో చదువుకొనే ఒక విద్యార్థిని ఇంటికి ఒక సాయంత్రం పనిమీద వెళ్ళాను. ఆ పిల్ల సెల్‌ఫోనులో ఇంగ్లీషువారి కేకుల పోటీ చూస్తున్నది. ప్రక్కన కూర్చుని తల్లీ చూస్తున్నది. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. తెర మీద న్యాయనిర్ణేత మూడంతస్తుల కేకులోంచి చిన్నముక్క కోసి, నోట పెట్టుకొని, తల ఆడించి ముందుకు కదిలాడు. "అంతేనా? మిగతాదెవరు తింటారు?" అన్నదామె. కాసేపు ఆగి, "ఆ గిన్నెలన్నీ ఎవరు తోముతారు మాస్టారూ?" అని నన్నడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. కూతురు మాత్రం, "గిన్నెల సంగతి తరవాతమ్మా, ముందు పోటీ చూడు. ఆ పిల్లకు అన్యాయం జరిగేట్టున్నది" అన్నది.

తల్లి అడిగినది శ్రమను గురించి. కూతురు పట్టించుకున్నది న్యాయాన్ని గురించి. ఒకే తెరను చూస్తున్న ఇద్దరిలో రెండు ప్రశ్నలు పుట్టినవి. ఈ రెండూ ఎందుకు కలవటం లేదు? ఎవరు కలవనీయటం లేదు? ఇదే ఈ వ్యాసంలో విచారించదలచిన విషయం.

ముందు మన అలంకారశాస్త్రానికే వద్దాం. భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాన్ని వివరించటానికి వంటను తెచ్చుకున్నాడు. అనేక వ్యంజనాలు కలిసిన భోజనంలో మంచి మనసుగలవారు రుచిని ఆస్వాదించినట్లే, ప్రేక్షకులు నాట్యంలో భావాలను ఆస్వాదిస్తారని ఆయన అభిప్రాయం. అక్కడ వంట ఉపమానం, నాట్యం ఉపమేయం. టెలివిజన్ ఈ ఉపమను తలక్రిందులు చేసింది. ఇక్కడ వంటే నాట్యమైంది. ఐతే ఆ మార్పులో నాలుక తెగిపోయింది. లక్షలమంది చూస్తారు, ఒక్కరూ తినరు. రుచి చూడని వంట మీద ప్రేక్షకుడు తీర్పు చెప్పాలి. అప్పుడు అతడు తీర్పు చెప్పేది వంట మీద కాదు, మనిషి మీద. ఎవరు కష్టపడ్డారు, ఎవరు ఏడ్చారు, ఎవరు గర్వించారు, ఎవరికి అన్యాయం జరిగింది - ఇవే అతనికి మిగిలిన రుచులు.

దీనికి 2014లో ఇంగ్లండులో జరిగిన ఒక ఉదంతం మంచి నిదర్శనం. 'ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' అనే పోటీ 2010లో బి.బి.సి.లో మొదలైంది. వృత్తిరీత్యా వంటవారు కాని సామాన్యులు ఒక గుడారంలో చేరి కేకులు, రొట్టెలు కాలుస్తారు. వారానికొకరు వెళ్ళిపోతారు. చివరకు నెగ్గినవారికి ఇచ్చేది డబ్బు కాదు, కేకు పెట్టుకునే ఒక పీఠం. 2014 ఆగస్టులో ప్రసారమైన భాగంలో, ఎండవేళ, కేకు మీద ఐస్‌క్రీము పెట్టి, గుడ్డు తెల్లసొన నురగ కప్పి కాల్చే వంటకం చేయమన్నారు. ఒక యువకుడి ఐస్‌క్రీమును మరొక పోటీదారు, ఒక వృద్ధురాలు, శీతల పెట్టె నుంచి బయటికి తీసిపెట్టినట్లు ప్రేక్షకులకు కనిపించింది. అది కరిగిపోయింది. ఆ యువకుడు కోపం పట్టలేక వంటకాన్ని చెత్తబుట్టలో పారవేసి, ఆ బుట్టనే తీర్పరుల ముందు పెట్టాడు. ఆ వారం అతణ్ణి పంపివేశారు. దేశం అట్టుడికిపోయింది. ఎనిమిది వందలకు పైగా ఫిర్యాదులు వెళ్ళినవి. ఐస్‌క్రీము బయట వున్నది నలభై క్షణాలేనని కార్యక్రమానికి సంబంధించినవారు తరవాత చెప్పుకోవలసి వచ్చింది.

కరిగిన ఐస్‌క్రీము కోసం ఇంత ఆగ్రహమా అని నవ్వటం సులభం. కాని ఆ ఆగ్రహంలోని వస్తువును చూడండి. పనిచేసే మనిషికి పనిముట్టు చేతికందలేదు. పని చెడింది. తీర్పరులు పరిస్థితిని విచారించక ఫలితాన్ని మాత్రమే చూచారు. ఈ అనుభవం మన చేనేత కార్మికుడికి కొత్తదా? నాసిరకం నూలిచ్చి, నేత బాగాలేదని కూలి కోసేవారు చీరాల ప్రాంతంలో ఎవరికి తెలియదు? ప్రేక్షకుడు తన బ్రతుకులోని అన్యాయాన్ని ఆ గుడారంలో గుర్తుపట్టాడు. కనుక ఆ కోపం నిజమైనదే.

నిజమైన కోపమే, ఐతే అది ఎటు పోయింది? తోటి పోటీదారు మీదికి, ఒక ముసలమ్మ మీదికి పోయింది. వేసవిలో గుడారం వేసి ఐస్‌క్రీము పని పెట్టినవారెవరు? జరిగిన దానిని కత్తిరించి అతికించి, ఆమె దోషిగా కనిపించేటట్లు కూర్చినవారెవరు? వారు చాలామందికి కనిపించలేదు. పోటీ అనే రూపానికి వున్న శక్తి ఇది. అది చూపును పైకి పోనివ్వదు, ప్రక్కకే తిప్పుతుంది. ఒక పొలంలో మిరపకాయలు కోసే ఇద్దరు కూలీలను, నీ బుట్ట నిండిందా ఆమె బుట్ట నిండిందా అని పోటీ పెట్టిన మేస్త్రి చేసే పని కూడా ఇదే.

మరుసటి యేడు, 2015లో, ఆ పోటీలో నదియా హుసేన్ గెలిచింది. ఆమె లూటన్ పట్టణంలో పుట్టిన బంగ్లాదేశీ కుటుంబపు బిడ్డ. తలకు గుడ్డ కట్టుకొనే ముస్లిం స్త్రీ. కోటీ ముప్పై లక్షలకు పైగా జనం చివరి పోటీ చూచారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగితే ఎందరో తమ ఇంటి పిల్ల ఏడ్చినట్లు కదిలిపోయారు. అదే సమయంలో, మరొక పోటీదారు చాక్లెట్ మసీదు కట్టివుంటే నెగ్గివుండేదని ఒక పత్రికలో ఎత్తిపొడుపు వచ్చింది. అంటే వెన్న, పిండి, చక్కెరల మధ్య కూడా జాతి ప్రశ్న లేచింది. ప్రేక్షకులు అధికసంఖ్యలో ఆ ఎత్తిపొడుపును కాదని ఆమె వైపు నిలిచారు. ఇది చిన్న విషయం కాదు. కాని ఒక నదియాను ప్రేమించిన దేశం అటువంటి వేలమంది స్త్రీలను వీధిలో ఎట్లా చూస్తున్నదనేది వేరే ప్రశ్న. విజేత ఒక్కతే కావటం వల్ల, ఆమెను మెచ్చుకోవటానికి పెద్ద ఖర్చు లేదు.

ఇక మన సంగతి. 2021 ఆగస్టులో జెమినీ టి.వి.లో 'మాస్టర్ చెఫ్' తెలుగులో వచ్చింది. మొదట తమన్నా, తరవాత అనసూయ దానిని నడిపించారు. నా విద్యార్థులను అడిగితే, వారికి గుర్తున్నది వంటలు కాదు, ఆ మార్పే. దీనికి వారిని నిందించి ప్రయోజనం లేదు. ఆ వంటగది మన వంటగది కాదు. కేకు కాల్చే పొయ్యి మన పల్లె ఇళ్ళలో ఎక్కడున్నది? గోధుమ మన మాగాణుల పంట కాదు. రొట్టె అంటే మన పెద్దలకు జ్వరం వచ్చినప్పుడు పాలలో ముంచుకు తినేది. కేకు క్రిస్టమస్‌కు, ఆ తరవాత పుట్టినరోజులకు వచ్చింది. 2020లో కరోనా వల్ల తలుపులు మూసుకున్న రోజులలో మన ఆడపడుచులు ప్రెషర్ కుక్కరులో అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసివేసి కేకులు చేశారు. ఆ నేర్పును ఏ తీర్పరీ చూడలేదు.

కేకు మనది కాదు గనుక దానిని కోరటం తప్పని వాదించే దేశీయతావాదులున్నారు. వారితో నేను ఏకీభవించను. పేదవాడి నాలుకకు హద్దులు గీయటం మన సాహిత్యంలో పాత అలవాటే. శ్రీనాథుడి పేర ప్రచారంలో వున్న చాటువులలో పల్నాటి జొన్నకూటి మీద పరిహాసం వున్నది. సన్నబియ్యానికి అలవాటుపడిన రాజాస్థాన కవి, నీరులేని నేల మీద బ్రతికే రైతు తిండిని చూచి ముఖం చిట్లించాడు. అదీ ఒక ప్రేక్షకుడి ప్రతిక్రియే. ఆయన రుచిని తూచాడుగాని నీటిని తూచలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరవాత అదే పల్నాటిలో వరి పండింది. నాలుక మారలేదు, నీరు వచ్చింది. రుచి వెనుక ఉత్పత్తి పరిస్థితులుంటాయని చెప్పటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇందుకు భిన్నమైన దృశ్యమూ మన జిల్లాలోనే వున్నది. తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెకు చెందిన మస్తానమ్మ నూరేళ్ళు దాటిన వయసులో, పొలంగట్టున కట్టెల పొయ్యి మీద వండుతూంటే ఆమె మునిమనుమడు, అతని మిత్రుడు చిత్రీకరించి ప్రపంచానికి చూపించారు. 2018 డిసెంబరులో ఆమె మరణించేనాటికి లక్షలమంది ఆమె అభిమానులు. అల్లాన్ని గోటితో గీరే ఆ చేతులను దేశదేశాలవారు ఇష్టపడ్డారు. అక్కడ గడియారం లేదు, తీర్పరి లేడు, వెళ్ళిపొమ్మనేవాడు లేడు. వండినది చివరకు ఎవరో తినటం కనిపిస్తుంది. రుచి తెరమీద బ్రతకటానికి పోటీ అవసరం లేదని ఆమె నిరూపించింది. ఐతే ఇక్కడా ఒక ప్రమాదం వున్నది. కట్టెపొగలో కళ్ళు పోగొట్టుకునే స్త్రీల బ్రతుకును 'ఎంత అందమైన పల్లె' అని దూరం నుంచి మెచ్చుకోవటమే ఆ ప్రమాదం.

పోటీలో వస్తువులు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ చెప్పరు. బల్లమీద జీడిపప్పు సిద్ధంగా వుంటుంది. వేటపాలెంలో జీడిపిక్కలు పగలగొట్టే స్త్రీల వేళ్ళను అడిగితే ఆ పప్పు కథ చెబుతాయి. పిక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. తీర్పరి నాలుకకు తగిలేది పప్పు మాత్రమే. గిన్నెలెవరు తోముతారన్న ఆ తల్లి ప్రశ్న ఇక్కడ మళ్ళీ వినిపిస్తున్నది.

ఆమె వండే వంటకూ ప్రేక్షకులున్నారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడులలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. వంటవారి నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్ 20న చెప్పింది. ఐనా ఏమి జరిగింది? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లో, చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండినదని అగ్రకులాల పిల్లలు అన్నం ముట్టలేదు. ముందు ఆమెను తొలగించారు, తరవాత తిరిగి తీసుకున్నారు. అక్కడ రుచి చూడకుండానే తీర్పు చెప్పారు. తెరమీద వంటకు నాలుక లేదు. ఈ వంటకు నాలుక వుండీ కులం దానిని కట్టివేసింది. తెరమీది వంటవాడిని కులం అడగకుండా మెచ్చుకొనే మనిషి, తన పిల్లవాడి పళ్ళెం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు అడుగుతాడు? తెర అతని నుంచి ఏమీ కోరదు గనుక. పళ్ళెం కోరుతుంది.

జీతం సంగతి కూడా చెప్పాలి. కేంద్రం 2009లో ఈ వంటవారికి నెలకు 1000 రూపాయలు నిర్ణయించింది, అదీ ఏడాదికి పది నెలలే. మన రాష్ట్రంలో 2019లో దానిని 3000 చేశారు. దీనికి జీతమని పేరు లేదు, గౌరవ వేతనమన్నారు. ఇంగ్లండు పోటీలో నెగ్గినవారికి డబ్బు లేకుండా గౌరవమిస్తారు; అది సరదాకు వండేవారికి సరిపోతుంది. వంట మీద బ్రతికేవారికి కూలికి బదులు గౌరవమివ్వటం అవమానం. ఒకే మాట ఒకచోట బహుమానం, మరొకచోట దోపిడి.

కనుక ఆ ప్రేక్షకులను ఎగతాళి చేయటం మన పని కాదు. చెత్తబుట్టను చూచి మండిపడిన వారిలోను, నదియాతో కలిసి కన్నీరు పెట్టినవారిలోను న్యాయదృష్టి వున్నది. వాడరేవు కూతురిలోనూ వున్నది. ఆ న్యాయదృష్టిని తెర అంచు దగ్గర ఆగిపోనివ్వక, గిన్నెలు తోమేవారి దాకా, బడి వంటశాల దాకా నడిపించటమే మన పని. దానికి ఉపన్యాసాలకంటె, ఆ తల్లి ప్రశ్నను తరగతిలో ఉన్నదున్నట్లు పెట్టటం మేలని నా అనుభవం.

ఆ సాయంత్రం నేను లేస్తుంటే ఆమె చేపలపులుసు, అన్నం పెట్టింది. తిన్నాను. "ఎట్లా వున్నది మాస్టారూ?" అని అడిగింది. ఇన్నేళ్ళుగా బడిలో ఇందరికి వండుతున్నా, ఆ మాట అడిగితే చెప్పే పెద్దమనిషి ఒక్కడూ రాలేదట. బాగుందని చెప్పాను. తరవాత నా పళ్ళెం నేనే కడిగాను.