మా ఇంట్లో ‘గుండమ్మ కథ’

ఆత్మకూరులు చాలా ఉన్నాయి గనక మా ఊరి పేరుకి (ఎస్) అని ఒక తోక ఉంటుంది. ఆ ఎస్ అంటే సూర్యాపేట. సినిమా చూడాలన్నా మేం ఆ తోక పట్టుకునే పోవాలి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు, నిజమే. కానీ హాల్లో ఉంటుంది కదా! నలుగురం వెళ్ళి, విరామంలో పిల్లలకేదో కొనిపెట్టి, రాత్రి బస్సు దొరక్క ఆటో కట్టించుకుని వచ్చేసరికి 1,200 రూపాయలు హుష్‌కాకి.

అందుకని మావారు ఒక పొదుపు పథకం కనిపెట్టారు. శనివారం రాత్రి ఇంట్లోనే సినిమా! ఫోనుకీ టీవీకీ లంకె కుదిర్చి, పల్లీలు వేయించుకుని కూర్చుంటే ఖర్చు 30 రూపాయలు దాటదన్నారు. నేనూ సరేనన్నాను.

మొదటి ఆట ‘గుండమ్మ కథ’. 1962లో విజయావారు తీసింది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, మాటలు నరసరాజుగారివి. సూర్యకాంతం గొంతు వినపడగానే మా అత్తమ్మ నడుంనొప్పి మరచి లేచి కూర్చుంది.

ఇందులో సవతి కూతురు లక్ష్మి, అంటే సావిత్రి, ఇంటి చాకిరీ అంతా చేస్తుంది. పనివాడుగా చేరిన అంజి, మన రామారావు, ఆమెతోపాటు రోలు దగ్గర కూర్చుని పిండి రుబ్బుతాడు. అక్కడే ఘంటసాల బాణీ కట్టిన చక్కని పాట. సరిగ్గా ఆ పాట వచ్చే వేళకి నేనెక్కడున్నానంటారు? వంటింట్లో, దోసెల పిండికి గ్రైండరు దగ్గర! “జర ఆ గ్రైండరు ఆపరాదే, పాట ఇనబడ్తలేదు!” అని మావారి కేక.

నవ్వొచ్చింది. తర్వాత ఆలోచనా వచ్చింది.

మన సినిమాల్లో ఇల్లు ఎప్పుడూ అద్దంలా ఉంటుంది. ఎవరు ఊడ్చారో మాత్రం కనిపించదు. ‘గుండమ్మ కథ’ గొప్ప ఏమిటంటే ఆ చాకిరీని చూపించింది. అంజి ప్రేమకి సాక్ష్యం అతని మాటలు కాదు, రోలు మీద వేసిన చెయ్యి. అంతవరకు మెచ్చుకోవలసిందే. కానీ చివరికి పాఠం నేర్చుకునేది ఎవరు? గుండమ్మకి గర్వభంగం. గారాబాల కూతురు జమునకి, పేదవాడి వేషం కట్టిన నాగేశ్వరరావు చేతుల్లో పని విలువ బోధ. నేర్చుకునేది ఆడవాళ్ళు, నేర్పేది మగవాళ్ళు! ఇక అంజి నిజానికి జమీందారుల బిడ్డ. వేషం తీసేశాక ఎన్నడైనా మళ్ళీ రోలు దగ్గర కూర్చున్నాడా? కథ అక్కడ పెదవి విప్పదు.

హాల్లో చూస్తే నాకీ అనుమానం వచ్చేది కాదేమో. చీకట్లో మూడు గంటలు నన్ను మంచినీళ్ళడిగేవాళ్ళు లేరు. టిక్కెట్టు డబ్బు బొమ్మకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సగం ఆ తీరికకే! ఇంట్లో ఆటకి నేను ఏడుసార్లు లేచాను. అంటే మిగిలిన 1,170 రూపాయలూ ఎవరి ఖాతాలోంచి మిగిలినట్టు?

ఈ మాటే అత్తమ్మతో అంటే ఆమె నవ్వింది. “అప్పట్ల వీసీఆర్ కిరాయికి తెస్తే వాడకట్టంత మనింటికే వచ్చిండ్రు బిడ్డా. రాత్రంత మూడు సినిమాలు. చాయ్ కాసుడే నా సినిమా.”

ఆ మాట మావారూ విన్నారు. ఏమీ అనలేదు.

మరుసటి శనివారం పట్టుబట్టి అదే సినిమా మళ్ళీ వేయించాను. పిండి పొద్దున్నే రుబ్బి పెట్టాను. మధ్యలో పది నిమిషాలు విరామం, దాహమైనవాళ్ళు తామే లేవాలి అన్నది కట్టుబాటు. పల్లీలు మావారే వేయించారు. కాస్త మాడాయి, ఫరవాలేదు. రోలు పాట వచ్చింది. అత్తమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాం.

ఇంట్లో సినిమా మంచి పొదుపే, కాదనను. మీరూ మొదలుపెట్టండి. కాకపోతే ఆట అయ్యాక ఒక్క లెక్క చూసుకోండి: ఎవరెన్నిసార్లు లేచారు?