చెప్పని మాటల బరువు

ఒక ఇంట్లో పిల్ల చనిపోయింది. చదివేవాళ్లకు ఆ సంగతి మొదట్లోనే తెలుస్తుంది. ఇంట్లోవాళ్లకు ఇంకా తెలియదు. పొద్దున టిఫిను దగ్గర కూర్చుని, ఈ పిల్ల ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నారు. 2014లో వచ్చిన సెలెస్ట్ ఇంగ్ నవల 'ఎవ్రీథింగ్ ఐ నెవర్ టోల్డ్ యు' ఇలా మొదలవుతుంది. నీకు ఎన్నడూ చెప్పనివన్నీ అని ఆ పేరుకు అర్థం. కథ జరిగేది 1977లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో. అక్కడి కథ మన గూడేలకు ఏమవుతుందని అనిపించవచ్చు. చదివాక మాకు అలా అనిపించలేదు.

తండ్రి జేమ్స్ లీ, చైనా నుంచి వలస వచ్చినవాళ్ల కొడుకు. తల్లి మెరిలిన్ తెల్లజాతి స్త్రీ. 1958లో పెళ్లి చేసుకున్నారు. మెరిలిన్ పుట్టి పెరిగిన వర్జీనియాలో అప్పట్లో అలాంటి పెళ్లి నేరం. 1967లో గాని అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టివేయలేదు. ఈ పెళ్లి వద్దని మెరిలిన్ తల్లి పట్టుబట్టింది. తర్వాత ఆ తల్లీకూతుళ్లు మళ్లీ కలుసుకోనేలేదు.

ఈ నవలలో వివక్ష కర్ర పట్టుకుని రాదు. చూపులో, నవ్వులో, పిల్లల ఆటలో వస్తుంది. జేమ్స్ చదివిన బడిలోనే అతని తండ్రి మరమ్మతు పనులు చేసేవాడు, తల్లి వంటశాలలో పనిచేసేది. ఆ సిగ్గు అతన్ని వదలలేదు. ఏళ్ల తర్వాత ఈతకొలను దగ్గర తన కొడుకు నాత్‌ను పిల్లలు జాతి పేరుతో వెక్కిరిస్తారు. తండ్రి పిల్లవాణ్ణి దగ్గరకు తీసుకోవాలి కదా? అతనికి కోపం వస్తుంది. ఆ కొడుకులో తన చిన్నతనమే కనిపించింది మరి. ఈ ఒక్క సన్నివేశం కోసమైనా ఉపాధ్యాయులు ఈ నవల చదవాలని మేమంటాం. అవమానం పడ్డవాడు తన బిడ్డను ఓదార్చలేకపోవడం అవమానం చేసే అసలు నష్టం.

కూతురు లిడియా మీద రెండు బరువులు పడ్డాయి. అందరిలో కలిసిపోవాలని తండ్రి కోరిక. డాక్టరై అందరికంటే వేరుగా నిలబడాలని తల్లి కోరిక. అది ఆమెకు తీరని సొంత కోరిక. ఇద్దరిదీ ప్రేమే. తండ్రి సంతోషం కోసం లిడియా ఫోను చెవిన పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా స్నేహితులతో మాట్లాడుతున్నట్టు నటిస్తుంది. ఇంటికి ఫోను చేసి "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేసే మన హాస్టలు పిల్లలు మాకు అక్కడ గుర్తొచ్చారు.

లిడియా చెరువులో మునిగి చనిపోయాక దుఃఖం ఆ ఇంటిని కలపలేదు, విడగొట్టింది. తల్లి కూతురి గదిలో తలుపు వేసుకుంటుంది. తండ్రి మరో స్త్రీ దగ్గరకు పోతాడు. నాత్ పొరుగు కుర్రాణ్ణి అనుమానిస్తాడు. అన్నీ చూసిన చిన్నపిల్ల హన్నాను ఎవరూ ఒక్క మాట అడగరు. పత్రికలేమో ఆ చావుకు కూడా జాతినే కారణంగా వెతుకుతాయి. ఏడవడానికి కూడా ఆ ఇంటికి చోటు మిగల్లేదు. అంత దుఃఖంలో జేమ్స్ తన చిన్ననాటి తిండి తింటూ, దశాబ్దాలుగా నోట పలకని దాని చైనా పేరు పలుకుతాడు. తల్లిభాష ఎక్కడికీ పోలేదు, లోపల దాక్కుంది.

నవలలో మాకు లోటుగా తోచినది ఒకటుంది. జేమ్స్ తల్లిదండ్రుల కథ త్వరగా ముగిసిపోతుంది. కష్టపడ్డ ఆ మనుషులను మనం వాళ్ల కొడుకు సిగ్గులోంచే చూస్తాం. వాళ్ల వైపు నుంచి ఇంకొన్ని పేజీలు ఉండాల్సింది.

వాళ్ల బాధా మన బాధా ఒకటేనని చెప్పడం తప్పు. వాళ్లు మరో దేశం నుంచి వెళ్లినవాళ్లు. మనం మన కొండల్లోనే ఉండి, కిందికి దిగి బడిలో చేరగానే పరాయివాళ్లమవుతాం. లీ కుటుంబానికి చుట్టూ తనవాళ్లు లేరు. మన గూడెంలో చావు జరిగితే ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఆ బలం మనకింకా ఉంది. కానీ చదువు కోసం ఊరు వదిలిన పిల్లవాడికి పట్నం గదిలో అది ఉందా?

ఈ కథను తరగతిలో చెప్పి చూడండి. లిడియాతో ఎవరు, ఎప్పుడు, ఏం మాట్లాడి ఉండాల్సిందని పిల్లల్ని అడగండి. వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. హన్నాలా మూలన కూర్చున్న పిల్లను మాత్రం మరిచిపోకండి. ముందు ఆమెనే అడగండి.