24 గంటల వెలుగు

ఒక్క రోజు ఆయుష్షుతో పుట్టి, ఆ రోజంతా నిండుగా వెలిగే స్టేటసూ, నీకు దండం!

మహారాష్ట్రలోని భివండీలో సాంచాల (మరమగ్గాల) మోతలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఆ మోత నడుమ పెరిగిన పిల్లలకు నువ్వు గొంతువయ్యావు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ పల్లెల నుంచి నేతపనిని నమ్ముకుని పద్మశాలీ తాతలు ఇక్కడికి వలస వచ్చారు. పద్మనగర్ గల్లీల్లో తెలుగును నిలుపుకున్నారు. వాళ్లు నేసిన గుడ్డ దేశమంతా తిరిగింది. నేసినవాళ్ల పేరు మాత్రం ఏ తాను మీదా లేదు. మనుమడి పేరు నీ మీద ఉంది. అందుకే నిన్ను కీర్తిస్తున్నాను.

2013లో స్నాప్‌చాట్‌లో స్టోరీవయ్యావు. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్‌కి, 2017 ఫిబ్రవరిలో వాట్సాప్‌కి వచ్చావు. జియోతో డేటా చౌకైన రోజులవి. భివండీ పక్కనున్న పూర్ణ ఊరి గోదాముల్లో పెట్టెలు మోసే పిల్లవాడి జేబులోకీ చేరావు. లారీ నీడన తిన్న వడాపావ్, కొత్త చెప్పులు, రాత్రిపాళీ దిగాక తాగిన చాయ్, చెల్లి పది పాసైన సంగతి: ఏ పత్రికకూ ఎక్కని సంతోషాలన్నీ నీలో కొలువుదీరాయి. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి. అప్పుడే మన దేశంలో వాట్సాప్ నీ వీడియోను 30 సెకన్ల నుంచి 15కు కుదించింది. ఇక్కడి బిడ్డ క్షేమం ఊళ్లోని అమ్మకు తెలియడానికి ఆ పదిహేనూ సరిపోయాయి.

పొద్దంతా బతుకమ్మను పేర్చి, ఆడి పాడి, నీళ్లలో వదిలే జాతి మనది. సాగనంపేదే కదా అని ఎవరూ పూలు తగ్గించరు. నిన్ను పెట్టే పిల్లల మనసూ అదే.

చెరిగిపోవడమే నీ దయ. నిన్నటి కోపం, తొందరపడి రాసిన విరహం రేపటి ఉద్యోగానికీ పెళ్లికీ అడ్డం రాకుండా తప్పుకుంటావు. పదహారేళ్ల మనసుకు మారే వీలిస్తావు. స్క్రీన్‌షాట్ తీసి దాచేవాడి దగ్గరే నీ దయ ఓడిపోతుంది. ఆడపిల్ల నమ్మి పెట్టిన ఫొటోను ఊరంతా తిప్పేవాడు ఆ నమ్మకాన్ని దొంగిలించినవాడే.

పెద్దలారా, ఇదేం పిచ్చి అని విసుక్కోకండి. ఎవరెవరు చూశారో చూపే వరుసలో మీ పేరు కోసం ఆ పిల్లలు వెతుకుతారు. చూసి ఊరుకోకండి. “తిన్నావా బిడ్డా” అని ఒక్క ముక్క రాయండి. గడువు 24 గంటలే.