దాచిన చోటే కాపలా

శివరాత్రికి మా ఇంట్లో గెనుసుగడ్డలు ఉండాల్సిందే. కోస్తావాళ్లు చిలగడదుంప అంటారు, తెలంగాణలో మొరంగడ్డ అంటారు. కర్నూలు, కడప వైపు మాకవి గెనుసుగడ్డలే. మా అవ్వ వాటిని ఉడకబెట్టేది కాదు. పొయ్యిలో మంట ఆరాక నివురుగప్పిన నిప్పుల్లో పూడ్చి తన పని చూసుకునేది. ఆగలేక నేను పచ్చిది కొరకబోతే చేతిలోంచి లాక్కునేది. "పచ్చిది తినగాకురా, కడుపుబ్బుతాది."

ఎందుకుబ్బుతుందో అవ్వ చెప్పలేదు. జవాబులో కొంత చాలా ఏళ్లకు, జపాన్ నుంచి వచ్చిన సంగతుల్లో దొరికింది. 1985లో నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ గడ్డలోని ప్రధాన ప్రోటీన్‌ను పరిశీలించి స్పోరామిన్ అని పేరు పెట్టారు. నూరు గ్రాముల పచ్చిగడ్డలో ప్రోటీన్ ఒకటిన్నర గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. నీళ్లలో కరిగే ప్రోటీన్‌లో 60 నుంచి 80 శాతం స్పోరామినే. దాన్ని తయారుచేయించే జన్యువులది పెద్ద కుటుంబం. ఎ, బి అని రెండు శాఖలు. అవి మామూలుగా గడ్డలోనే పనిచేస్తాయి, ఆకుల్లో దాదాపు నిద్రపోతుంటాయి. కోసిన ఆకు కాడను పంచదార నీళ్లలో ఉంచితే మాత్రం లేచి ఆకులోనూ స్పోరామిన్ పుట్టిస్తాయి. చేతికి మిగులు వచ్చిందని తెలిస్తేనే దాపరికం మొదలవుతుందన్నమాట. మొలకెత్తే కాలానికి ఆ నిల్వ కరిగి కొత్త తీగకు నత్రజని అవుతుంది.

ఇది చదివినప్పుడు నాకు మా సీమ పాతరలు గుర్తొచ్చాయి. నేలలో గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా చొప్ప పరిచి, జొన్నలు పోసి పైన మట్టి కప్పేవాళ్లు. కరువు ఏడు అవే దిక్కు. పాతర తెరిచిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవాళ్లు కాదు. లోపలి ప్రాణవాయువు అప్పటికే అయిపోయి ఉంటుంది. అక్కడ పురుగూ బతకదు, తొందరపడి దిగిన మనిషికీ ఊపిరాడదు. గింజకు వేరే కావలి అక్కర్లేదు.

గడ్డదీ అదే ఏర్పాటు. స్పోరామిన్ నిల్వ సరుకే కాక కాపలాదారు కూడా. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్‌ను అది పట్టి కట్టేస్తుంది. తిన్న పురుగుకు తిన్నది ఒంటబట్టదు. 1997లో తైవాన్ శాస్త్రవేత్తలు ఈ జన్యువును పొగాకు మొక్కలో పెట్టి చూశారు. ఆ ఆకులు తిన్న పొగాకు లద్దె పురుగులు సరిగా ఎదగలేదు. మన బుడ్డల (వేరుశనగ) చేలను జల్లెడ చేసే పురుగే అది. ట్రిప్సిన్ మన పేగుల్లోనూ ఉంది. అవ్వ మాటలో సగం అర్థం అది, మిగతా సగం పచ్చి పిండిది.

పాతర దగ్గర కాసేపు ఆగినట్టే గడ్డ దగ్గరా ఆగాలి. వేడి తగిలితే స్పోరామిన్ పట్టు చాలావరకు సడలుతుంది. ఈలోగా బీటా అమైలేజ్ అనే మరో ప్రోటీన్ పిండిని మాల్టోజ్ చక్కెరగా విరుస్తుంది. గడ్డ నిదానంగా వేడెక్కితే దానికి పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఒక్కసారిగా మరిగితే అదీ చచ్చిపోతుంది. నివురులో కాలిన గడ్డకు తోలు పగిలి పాకం కారేది అందుకే. నేను కుక్కర్లో మూడు విజిళ్లకు దించే గడ్డ మెత్తగానే ఉంటుంది, ఆ తీపి రాదు.

ఒక్క హెచ్చరిక. ఆ ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్ తీగకు చాలు, ఎదిగే పిల్లలకు చాలదు. మామూలు రోజుల్లో గడ్డ పెడితే పక్కన గుప్పెడు బుడ్డలో, ఉలవ గుగ్గిళ్లో పెట్టండి. వచ్చే శివరాత్రికి మాత్రం కుక్కర్ ముట్టుకోకండి. కట్టెల పొయ్యి లేకపోతే మందపాటి మూకుట్లో గడ్డలు పరిచి, మూతపెట్టి, సన్నమంట మీద గంటసేపు వదిలేయండి.